రెండోసారి అడిగినప్పుడు

జూన్ 4, ఆదివారం

ఈ ఇంట్లో చేరి పదకొండు రోజులయింది. ఈ నోటుపుస్తకం ఎస్నాతు అక్క ఇచ్చింది. ఆమె రెండిళ్ళ అవతల పనిచేస్తుంది, మా దేశమే, మాంగోచీ ఊరి మనిషి. వాళ్ళ యజమాని కూతురు నాలుగు పేజీల్లో పిల్లి బొమ్మలు గీసి పారేసిన పుస్తకం ఇది. ఆ నాలుగూ చింపేశాను. మా దేశం భాషలో రాసుకుంటే ఈ జొహన్నెస్‌బర్గ్‌లో ఈ ఇంట్లో చదవగలిగేవాళ్ళు లేరు. రోజంతా ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడకపోతే తల పగిలిపోయేలా ఉంది, అందుకని రాస్తున్నాను.

కుడి అరచేతి మీద బొబ్బ ఇంకా తగ్గలేదు. అంతా ఆ పొయ్యి వల్లే. మంట లేదు, పొగ లేదు, బొగ్గు లేదు, ఉన్నదల్లా నల్లటి గాజు పలక. అది ఎర్రబడుతుంది, మళ్ళీ నల్లబడుతుంది. నల్లబడింది కదా, చల్లారిందనుకుని తుడవబోయాను. ఇంటి దగ్గర మా బొగ్గుల కుంపటి ఎన్నడూ నన్ను ఇలా మోసం చెయ్యలేదు. వేడిగా ఉంటే వేడిగా ఉన్నట్టే కనిపించేది.

గోగో, నేను చూసుకోవాల్సిన ఈ ఇంటి పెద్దావిడ, కుర్చీలో కూర్చుని అంతా చూసింది. ఇక్కడ అవ్వని గోగో అంటారు. "పొయ్యిని చూస్తే నీకు భయం, నిన్ను చూస్తే పొయ్యికి భయం. మరి నా సంకటి ఎవరు కెలుకుతారే పిల్లా?" అంది. ఆమెకు ఎనభై ఒక్కేళ్ళు. నలభై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిందట. బెత్తం ఇప్పుడు నాలుక మీదకి వచ్చింది.

నా మంచం మీద తీగలున్న దుప్పటి ఒకటి పరిచారు. స్విచ్ వేస్తే వేడెక్కుతుందట. కరెంటు మీద పడుకోవడానికి నేనేమైనా ఇస్త్రీ బట్టనా? మడిచి మంచం కింద పెట్టేశాను. చలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయి.

అన్నిటికన్నా నన్ను వణికించేది వంటింటి గోడ మీద ఉన్న తెల్ల పెట్టె. తలుపు తీస్తే చాలు, అది ఆడగొంతుతో ఇంగ్లీషులో ఏ తలుపో చెబుతుంది. గోగో కూతురు ఖెతివే మొదటి రోజే దాని సంగతి వివరించింది. ఆమెకు డర్బన్‌లో ఉద్యోగం. శుక్రవారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోతుంది. మేడమ్ అంటే ఒప్పుకోదు, సిస్ ఖెతీ అనమంది. నన్ను సిసీ అంటుంది. రెండూ ఇక్కడ అక్కాచెల్లెళ్ళని పిలిచే మాటలే.

"పడుకునే ముందు ఈ నాలుగు అంకెలు నొక్కు. లేచాక మళ్ళీ నొక్కు, అప్పుడే తలుపు తియ్యి. అమ్మ మెడలో ఈ ఎర్ర బటన్ ఎప్పుడూ ఉండాలి, స్నానంలో కూడా తియ్యొద్దు, నీళ్ళకి ఏం కాదు. నొక్కితే కంపెనీ వాళ్ళు ఈ పెట్టెలోంచి మాట్లాడతారు. అంతా బాగానే ఉందా అంటారు. బాగుంటే బిస్కట్ అని చెప్పు. ఆ మాట చెప్పకపోతే ఆరు నిమిషాల్లో మనుషులొస్తారు."

"ఎవరొస్తారు?"

"గార్డులు. అంబులెన్సు కావాలన్నా వాళ్ళే పిలుస్తారు. తుపాకులుంటాయి. నీకేం భయం లేదు సిసీ."

బిస్కట్ అనేది వాళ్ళ చచ్చిపోయిన కుక్క పేరు.

నా పాస్‌పోర్టులో ఈ దేశంలో ఉండనిచ్చే ముద్ర గడువు మే ఇరవైతో అయిపోయింది. చేరేటప్పుడు సిస్ ఖెతీ మొదటి పేజీలో ఫోటో చూసింది, లోపల పేజీలు తిప్పలేదు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

జూన్ 5

బట్టలుతికే మెషీను తనంతట తాను నడుచుకుంటూ గది మధ్యకి వచ్చింది. గట్టిగా వాటేసుకుని నిలబడ్డాను, ఆగేదాకా. గోగో నవ్వలేక దగ్గింది.

జూన్ 8, గురువారం

పొద్దున జరిగింది రాయడానికి చేతులు ఇప్పటికి కుదుటపడ్డాయి.

తెల్లవారుతూండగా లేచాను. దారిన పోయేవాళ్ళు చూడకముందే వాకిలి ఊడ్చెయ్యాలి కదా. పొద్దెక్కినా ఊడవని వాకిలి కనపడితే మా ఊళ్ళో ఆ ఇంటి ఆడదానికి జబ్బు చేసిందనుకుని పలకరించడానికి వస్తారు. రెండు వారాలుగా ఇక్కడ ఎనిమిదింటికి ఊడుస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. ఇవాళ చీపురు తీసుకుని వంటింటి తలుపు తీశాను. అంకెలు నొక్కలేదు. చేతిలో చీపురు ఉంటే అంకెలెవరికి గుర్తుంటాయి?

ఇల్లు అరిచింది. అలాంటి అరుపు నేను బతుకులో వినలేదు. చీపురు అక్కడే పడేసి నీళ్ళ ట్యాంకు వెనక దూరాను. ఆరు నిమిషాలన్నారు, నాలుగే పట్టింది. గేటు ముందు కారు ఆగింది. ఇద్దరు దిగారు, ఛాతీకి మందపాటి కవచాలు, ఒకడి చేతిలో పొడుగు తుపాకీ. గోగో నాలుగు కాళ్ళ ఊతకర్ర పట్టుకుని, రాత్రి గౌనుతోనే గేటు దాకా నడిచింది.

"ఎవరు తీశారు గోగో తలుపు?"

"నేనే. ఎనభై ఏళ్ళ దొంగని. పట్టుకుంటావా?"

"ఆ చీపురెవరిది?"

"మా పిల్లది. రావే బయటికి. తాబేలులాగా దూరింది చూడు."

వచ్చాను. రాకపోతే ఇంకా అనుమానం వస్తుంది. తుపాకీ లేనివాడు నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "ఏ ఊరు సిసీ మీది?" అన్నాడు. నోరు తెరిస్తే యాస పట్టేస్తాడని తల వంచుకున్నాను.

"నా చెల్లెలి మనవరాలు. నెల్‌స్ప్రూట్ నుంచి వచ్చింది," అంది గోగో. అది ఈ దేశంలోనే ఒక ఊరు.

"మాట్లాడదా?"

"పొద్దున్నే ముఖం కడగని మగాళ్ళతో మాట్లాడొద్దని మేమే నేర్పాం."

వాడు నవ్వాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఒక్క మాట కాదు, రెండు వరుసలు రాశాడు.

వాళ్ళు వెళ్ళాక గోగోకి టీ పెట్టాను. సగం సాసర్లో పోశాను.

"తుపాకీ చూస్తే నాకు భయం గోగో," అన్నాను, ఆమె అడగకుండానే.

"నువ్వు తుపాకీ వైపు చూడనే లేదు. వాడి పుస్తకం వైపు చూశావు."

సాసర్లో టీ తిరిగి కప్పులోకి వంపాను. ఆమె ఇంకేం అడగలేదు.

జూన్ 9

ఎస్నాతు అక్కకి చెప్పాను, కంచె దగ్గర. "వాళ్ళు పోలీసులు కాదే వెర్రిదానా," అంది. నేను ఊపిరి పీల్చుకునేలోపే, "కాకపోతే పోలీసులతో కలిసి టీ తాగుతుంటారు," అంది.

మూడో వీధిలో తోటపని చేసే ఫైసన్‌ని గేటు దగ్గర గార్డే కాగితాలు అడిగాడట. మూడు రోజులు తిరక్కుండా మా దేశం బస్సెక్కించారట. ఇంక ఐదేళ్ళు రానివ్వరు.

"నువ్వు చూశావా అక్కా?"

"చూసినవాళ్ళు చెప్పారు. అయినా నీకు చూపించడానికి ఇంకొకణ్ణి ఎక్కించమంటావా?"

నన్ను బస్సెక్కిస్తే నా కూతురు తియామికె బడి ఆగిపోతుంది. దానికింకా తొమ్మిదేళ్ళు. ఊళ్ళో మా సొంత అక్క దగ్గర వదిలి వచ్చాను. అక్కకి తన నలుగురున్నారు.

జూన్ 14, బుధవారం

గోగో గిన్నెల తొట్టి మీదికి వంగినప్పుడు మెడలోని బటన్ అంచుకి నొక్కుకుంది. వెంటనే పెట్టె మాట్లాడింది.

"నమస్తే, కంట్రోల్ రూమ్ నుంచి టెబోహోని. అంతా బాగానే ఉందా?"

"బాగున్నాం. మీరు బాగున్నారా?"

"నేనా? బాగున్నాను సిసీ. ఇక్కడ చేరి మూడేళ్ళయింది. తిరిగి అడిగినవాళ్ళు మీరొక్కరే."

"మీ ఇంట్లో అందరూ బాగున్నారా?"

గోగో గరిటె ఊపుతూ, "మాట చెప్పవే, మాట," అంది. బిస్కట్ అన్నాను. పెట్టె ఆగిపోయింది.

"ఇంకాసేపు వదిలితే దాని మేనత్తలని కూడా పలకరించేదానివి," అంది గోగో.

నవ్వితే నవ్వనీ. బాగున్నారా అంటే బాగున్నామనాలి, తర్వాత మిగతావి. మా అమ్మ పోయిన రోజు వచ్చినవాళ్ళు వాకిట్లో చాప మీద కూర్చుని బాగున్నారా అన్నారు. మా అక్క బాగున్నాం, మీరో అంది. అదంతా అయ్యాకే అందరూ గొల్లుమన్నారు. మర్యాద అది.

ఒకటి గమనించాను. బిస్కట్ అంటే ఎవరూ రారు.

జూన్ 20

గోగో మెడలో బటన్ మళ్ళీ నొక్కుకుంది. నేను స్నానం చేస్తున్నాను. గోగోకి పెట్టె మాట వినపడలేదు. వాళ్ళు వచ్చేశారు. పుస్తకం మనిషే వచ్చాడు. నేను తడి జుట్టుతో గేటు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది.

"నెల్‌స్ప్రూట్ సిసీ, ఆ రోజు పేరు చెప్పనేలేదు," అని నవ్వి, వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. నెల్‌స్ప్రూట్ వాళ్ళకి వచ్చే భాషే అయి ఉంటుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేనూ నవ్వాను. వాడు నవ్వు ఆపేశాడు. పుస్తకం తీశాడు.

అన్నం సహించడం లేదు.

జూన్ 21

గోగో మెడ మీద తాడు రాసుకుని దద్దురు లేచింది. వయసు మీద పడ్డ చర్మం, పల్చగా కాగితంలాగా ఉంటుంది. బటన్ తీసి వంటింటి సొరుగులో పెట్టాను. దద్దురు తగ్గేదాకానే.

"నా గంటేదే?" అంది. ఆమె దాన్ని గంట అంటుంది.

"మీ మెడ ఎర్రబడింది గోగో. రెండ్రోజులు తీసేద్దాం."

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "సరే. పాలివ్వని ఆవుకి గంటెందుకులే," అంది.

జూన్ 23, శుక్రవారం

మధ్యాహ్నం గోగో మెడలో తాడు వేశాను. సాయంత్రం సిస్ ఖెతీ వచ్చింది.

జూన్ 26, సోమవారం

తీశాను. దద్దురు పూర్తిగా తగ్గలేదు.

జూన్ 30

వేశాను.

జూలై 3

తీశాను. దద్దురే.

జూలై 5, బుధవారం

చలికి తట్టుకోలేక తీగల దుప్పటి పరుచుకుని స్విచ్ వేశాను. చావలేదు. మోకాళ్ళ నొప్పి లేకుండా లేచాను. ఇన్నాళ్ళు దాన్ని మంచం కింద పెట్టుకుని వణికినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

పొయ్యి కూడా లొంగింది. నల్లబడ్డాక వంద లెక్కపెట్టి తుడుస్తాను. ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండుచేపలు ఇవాళ టమాటా వేసి వండాను. వాసనకి గోగో ముందు కిటికీలన్నీ తియ్యమంది, తర్వాత రెండోసారి వడ్డించమంది. "ఇంత కంపు కొట్టేది ఇంత రుచిగా ఉండటానికి వీల్లేదు," అని వేళ్ళు నాకింది. తినేశాక నాకు ఇంగ్లీషు అక్షరాల్లో తప్పులు దిద్దింది. ఈ ముసలమ్మంటే నాకు ప్రేమ పుట్టుకొస్తోంది. అది కూడా భయంగానే ఉంది.

కంపెనీ కారు రోజుకి రెండుసార్లు మా వీధిలో తిరుగుతుంది. ఆ చప్పుడు నాకు ఇప్పుడు తెలుసు. వినపడగానే లోపలికి వచ్చేస్తాను.

జూలై 10

ఎస్నాతు అక్క ఉప్పు కోసం వచ్చింది. "గోగో మెడలో ఆ ఎర్ర బిళ్ళ లేదేం?" అంది.

"దద్దురక్కా."

"మెడ నున్నగా ఉంది కదే."

వెనకవైపు ఉంది అన్నాను. అక్క వెనక్కి వెళ్ళి చూడలేదు, నయం.

జూలై 12

గోగో పడిపోయింది. ఆసుపత్రిలో ఉంది. బతికే ఉంది.

జూలై 13, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదిన్నరకి నేను వెనక దుప్పట్లు ఆరేస్తున్నాను. లోపల బట్టల మెషీను తిరుగుతోంది. గోగో ఒక్కతే బాత్రూమ్‌కి వెళ్ళింది. ఎంతసేపు పిలిచిందో నాకు తెలీదు. ఆ మెషీను మోతలో ఏమీ వినపడలేదు. లోపలికి వచ్చేసరికి మెషీను ఆగిపోయింది, మూలుగు వినపడింది. చల్లటి పలకల మీద పక్కకి పడి ఉంది. కాలు ఒకవైపు ఉంటే పాదం ఇంకొకవైపు తిరిగి ఉంది. ఎత్తబోతే అరిచింది.

సొరుగు దగ్గరికి పరిగెత్తాను. బటన్ తీసి నొక్కాను. నొక్కాను, అది నిజం.

టెబోహోయే పలికింది. అంతా బాగానే ఉందా అంది. బాగున్నాం, మీరు బాగున్నారా అన్నాను. అలవాటు. అడగ్గానే నోట్లోంచి వచ్చేస్తుంది, పుట్టినప్పటినుంచీ అంతే కదా. దాని వెనకే బిస్కట్ కూడా వచ్చేసింది. పెట్టె ఆగిపోయింది. మళ్ళీ నొక్కాలని తోచలేదు. కంగారులో ఎవరికైనా తోచదు.

ఎస్నాతు అక్క ఇంటికి పరిగెత్తాను. ఆమె ఫోన్లోంచి సిస్ ఖెతీకి చెప్పాం. సిస్ ఖెతీ డర్బన్ నుంచి అంబులెన్సు పిలిచింది. అది వచ్చేసరికి యాభై నిమిషాలయింది. యాభై నిమిషాలూ గోగో నేల మీదే ఉంది. మీద దుప్పట్లు కప్పి, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నొప్పి వల్ల.

తుంటి ఎముక విరిగింది. రేపు ఆపరేషన్.

జూలై 14

ఆపరేషన్ అయింది. గుండె తట్టుకుందన్నారు. దేవుడికి దండం.

సిస్ ఖెతీ బుధవారం రాత్రే వచ్చేసింది. ఇవాళ కూర్చోబెట్టి అంతా అడిగింది. అలవాటు గురించి చెప్పాను, మా అమ్మ పోయిన రోజు సంగతి కూడా చెప్పాను. ఆమె ఏడ్చింది. నన్ను దగ్గరికి తీసుకుంది.

"నీ తప్పు కాదు సిసీ. నువ్వు అక్కడ లేకపోతే మా అమ్మ పోయేది."

"బటన్ సొరుగులో ఎందుకుంది?" అని కూడా అడిగింది.

"స్నానానికని తీశారు."

"నీళ్ళకి ఏం కాదని చెప్పాను కదా." కళ్ళు తుడుచుకుని, "అమ్మే తీసి ఉంటుంది, మొండి మనిషి," అంది. నేను తల ఊపాను.

తర్వాత ఆమెకి కోపం వచ్చింది. నా మీద కాదు, కంపెనీ మీద. "వెనకాల మనిషి అరుస్తుంటే ఆ టెబోహోకి వినపడలేదా? ఇంకోసారి అడగడానికి నోరు రాలేదా? దాని ఉద్యోగం ఊడగొట్టకపోతే చూడు. ప్రతి మాటా రికార్డు చేస్తారు వాళ్ళు. టేపు పంపమన్నాను."

టీ కప్పు నా చేతిలోంచి జారి పగిలింది. చెయ్యి కాలిందన్నాను.

జూలై 15, శనివారం

టేపు.

ఎస్నాతు అక్కతో అంతా చెప్పలేదు. టేపు వస్తుందని మాత్రం చెప్పాను. నా ముఖం చూసి మిగతాది ఆమే చదువుకుంది. "రేపు పొద్దున బస్సుంది. పో. వెనక్కి చూడకు," అంది. సంచీ సర్దుకున్నాను. పాస్‌పోర్టు జాకెట్ లోపల పెట్టుకున్నాను.

అలవాటు అని గురువారం రాశాను. ఆ పేజీ మళ్ళీ చదివాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు కదా, మరి ఇందులో కూడా ఎందుకు దాచాను?

టెబోహో అడిగింది. రెండోసారి అడిగింది. బిస్కట్ అన్న తర్వాత కూడా వెంటనే పెట్టెయ్యలేదు. "సిసీ, వెనకాల ఎవరో మూలుగుతున్నట్టుంది. నిజంగా అంతా బాగానే ఉందా?" అంది. తొందరేమీ లేకుండా, నెమ్మదిగా అడిగింది.

టీవీ అన్నాను.

మొదటిది అలవాటే, దేవుడి మీద ఒట్టు. రెండోసారి అడిగినప్పుడు అలవాటు లేదు. పుస్తకం మనిషి గేటు దగ్గర నిలబడి ఉండటం కనిపించింది. గోగో నేల మీద ఉంది కాబట్టి ఈసారి నా తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ ఉండరని తోచింది. అంబులెన్సు ఎలాగూ సిస్ ఖెతీ పిలుస్తుందిలే అనుకున్నాను. ఇదంతా ఒక్క క్షణంలో అనుకున్నాను, కంగారేమీ లేదు. దద్దురు కూడా మూడో రోజుకే తగ్గిపోయింది. అసలు అది దద్దురో కాదో నాకు తెలీదు.

జూలై 16, ఆదివారం

బస్సు ఎక్కలేదు. ఎక్కుదామనే లేచాను. సంచీతో వంటింట్లోకి వచ్చేసరికి సిస్ ఖెతీ ఫోన్లో ఉంది. నన్ను చూసి చెయ్యి ఎత్తి ఆగమంది. ఫోన్ పెట్టేసి, "టేపు లేదట," అంది.

కుర్చీలో కూర్చున్నాను.

"ఆ రోజు కరెంటు కోత వేళకి వాళ్ళ రికార్డింగు మెషీను పనిచెయ్యలేదట. ఏదీ రికార్డు కాలేదు. ఆ అమ్మాయేమో రెండోసారి అడిగానని ప్రమాణాలు చేస్తోందట. టీవీ అని చెప్పారంటోందట. అబద్ధాలకి హద్దుండాలి. సోమవారంతో తీసేస్తున్నామన్నారు." అప్పుడు నా చేతిలోని సంచీ చూసింది. "అమ్మకి బట్టలా? మంచి పని చేశావు. పద, వెళ్దాం."

గోగో బట్టలు కూడా అందులో వేశాను. కారులో కూర్చున్నప్పుడు నా గుండె తేలికపడింది. అది నిజం, దాచను. ఇంక ఎవరికీ తెలీదు, ఎప్పటికీ తెలియదు అనుకున్నాను. దారిలో రెండు పోలీసు కార్లు ఎదురైనా భయం వెయ్యలేదు. నన్ను చూసి నాకే భయం వేసింది, అంత తేలిగ్గా ఉన్నందుకు.

సిస్ ఖెతీ డాక్టరుతో మాట్లాడటానికి వెళ్ళింది. నేను గోగో మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బాగున్నారా అన్నాను. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. ముఖం పిడికెడంత అయిపోయింది. పెదవులు కదిలాయి.

"నేను ఏ ఛానెల్లో వస్తున్నానే పిల్లా?"

వెనక్కి తిరిగి చూశాను, సిస్ ఖెతీ ఇంకా రాలేదు.

"బాత్రూమ్ తలుపు తెరిచే ఉంది. పెట్టె పది అడుగుల దూరం కూడా లేదు. విరిగింది నా తుంటి. చెవులు కాదు."

"గోగో, నేను—"

"ఆగు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, నల్లవాళ్ళు ఊళ్ళో తిరగాలంటే పాసు కావాల్సిన రోజుల్లో, పాసు పుస్తకంలో ముద్ర లేక, ఒక తెల్లావిడ బీరువాలో దాక్కున్నాను. పోలీసులు మంచాలు ఎత్తి చూస్తున్నారు. నిలబడ్డ చోటే ఉచ్చ పోసుకున్నాను. అందుకే నువ్వు ట్యాంకు వెనక దూరిన రోజున నాకు అడగాల్సిన పని లేకపోయింది. గంట తీసేసినప్పుడూ ఊరుకున్నాను. దాక్కోవడం తప్పని నేననను. కానీ నేను బీరువాలో దాక్కున్నాను. నువ్వు నా ఒంటి వెనక దాక్కున్నావు."

ఏడుపు ఆపుకోలేకపోయాను. పక్క మంచం ఆవిడ అటు తిరిగి పడుకుంది.

"సిస్ ఖెతీకి ఎందుకు చెప్పలేదు గోగో?"

"చెబితే ఏమవుతుందో నీకు తెలుసు, నాకు తెలుసు." ఇప్పుడు కళ్ళు తెరిచింది. "ఆ పిల్లని తీసేస్తున్నారట. ఇందాక నర్సు తన ఫోన్ నా చెవి దగ్గర పెడితే ఖెతీ చెప్పింది. దానికి పిల్లలున్నారా?"

"నేను అడగలేదు."

"బాగున్నారా అని వాళ్ళ ఇంటిల్లిపాదినీ అడిగావు కదా."

నీళ్ళు కావాలని సైగ చేసింది. తాగించాను. గడ్డం కింద కారిన నీళ్ళు నా పైబట్టతో తుడిచాను. ఆమె చెయ్యి ఎత్తి నా మణికట్టు పట్టుకుంది. అంత ఆపరేషన్ అయిన మనిషికి ఆ పట్టు ఎలా వచ్చిందో తెలీదు. సిస్ ఖెతీ అడుగుల చప్పుడు వినపడేదాకా పట్టుకుని, అప్పుడు వదిలేసింది. చెప్పమనలేదు, చెప్పొద్దనలేదు.

కార్లు ఆపే చోట చెప్పాను. సిస్ ఖెతీ బ్యాగులో తాళం వెతుక్కుంటోంది.

"సిస్ ఖెతీ, ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. రెండోసారి అడిగింది. ఎవరో మూలుగుతున్నారు, నిజంగా బాగానే ఉందా అంది. టీవీ అన్నాను."

ఆమె చెయ్యి బ్యాగులోనే ఆగిపోయింది.

"మా అమ్మ అక్కడ పడి ఉంటే."

"అవును."

"బటన్ తీసింది?"

"నేనే. మూడు వారాల కిందట. మీరు వచ్చేముందు మళ్ళీ వేసేదాన్ని."

"ఎందుకు?"

పాస్‌పోర్టు తీసి, ముద్ర ఉన్న పేజీ తెరిచి ఆమెకిచ్చాను. పేజీ దొరకడానికి రెండుసార్లు తిప్పాల్సి వచ్చింది. ఆమె ఆ తేదీ వైపు చాలాసేపు చూసింది. పాస్‌పోర్టు తిరిగి ఇవ్వలేదు. కారెక్కింది. నన్ను ఎక్కమనలేదు. నేను ఎండలో నిలబడ్డాను. కారు స్టార్టయింది, కదల్లేదు. చివరికి లోపలినుంచి చెయ్యి చాచి నా వైపు తలుపు తీసింది.

ఇప్పుడు నా గదిలో కూర్చుని రాస్తున్నాను. ఆమె వంటింట్లో కంపెనీకి ఫోన్ చేసింది. తలుపు తీసే ఉంచుకున్నాను, ప్రతి మాటా వినపడుతోంది. టెబోహో మీద ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది. ఆ అమ్మాయి సరిగ్గానే అడిగిందని, మా ఇంటివైపే తప్పు జరిగిందని చెప్పింది. ఎవరు చేశారని వాళ్ళు అడిగినట్టున్నారు. మళ్ళీ చేస్తానని పెట్టేసింది.

ఇప్పుడు ఇంకో నంబరు నొక్కుతోంది. ఎవరికో తెలీదు. పాస్‌పోర్టు ఆమె ముందు బల్ల మీద ఉంది. వెనక తలుపు తీసే ఉంది, గేటుకి తాళం కూడా వెయ్యలేదు. నేను కదలడం లేదు.